సుజాతక్క హైబ్రిడ్ బండి, నేను చెప్పిన అబద్ధం

2023 ఎండకాలం. కోరుట్లల నేను మెకానిక్ షెడ్డు పెట్టి అప్పటికి పదహారేండ్లు. ఇంజన్ సప్పుడు విని రోగం చెప్తడని రాజేశానికి, అంటే నాకు, చుట్టుపక్కల మంచి పేరుండె. ఆ పేరంటే నాకు పానం.

సిరిసిల్లల బడిపిల్లల యూనిఫాంలు కుట్టించే సుజాతక్క తల్లిగారిల్లు కోరుట్లనే. ఆమె పాత వ్యాను మొదటి సంది నా దగ్గరనే బాగైతుండె. ముందటేడు ఆమె హైదరాబాదుల పదేండ్ల పాత హైబ్రిడ్ కారు కొన్నది. హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజన్‌తోని పాటు కరెంటు మోటారు కూడ ఉంటది. ఆ మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద బ్యాటరీ ఎనుక సీటు కాడ ఉంటది. ఆమె ఎనుక సీటు నిండ బట్టల మూటలు ఏసుకొని, తనే నడుపుకుంట సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల బడులన్ని తిరుగుతుండె.

ఏప్రిల్‌ల ఆ కారు నా షెడ్డుకు తెచ్చింది. లీటరుకు పందొమ్మిది ఇచ్చే బండి పదమూడుకు పడ్డదట, డాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు పోతలేదట. షోరూముల అడిగితే బ్యాటరీ మొత్తం మార్చాలె, రెండు లక్షల పైన అయితది అన్నరట.

బానెట్ లేపి చూసిన. నారింజ రంగు వైర్లు కనపడ్డయి. అవి హై వోల్టేజ్ వైర్లు, తెల్వకుండ ముట్టుకుంటే పానం పోతదని విన్న గని, నేను హైబ్రిడ్ బండి ఎన్నడు విప్పలే. గా మాటే ఆమెకు చెప్తే అయిపోతుండె. చెప్పలే. షోరూమోళ్లు చెప్పింది కరెక్టే అన్న.

"జగిత్యాలల ఖలీల్ అని ఒకాయనకు గీ బండ్ల పని బాగ అస్తదట గద తమ్మి. ఒకపాలి చూపియ్యాల్నా?" అని అడిగింది.

ఆ పేరు ఇనంగనే నా కడుపుల మండింది. ఖలీల్, నేను ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నోళ్లం. ఉస్తాద్ ఎప్పుడు ఆయన చేతినే మెచ్చుకుంటుండె. ఖలీల్ దుబాయి పోయిననాడు నేను లోపల్లోపల సంబరపడ్డ. ఆయన అక్కడ హైబ్రిడ్ టాక్సీల మీద పదేండ్లు పని చేసి అచ్చి జగిత్యాలల షాపు పెట్టిండు. నా గిరాకిల కొంతమంది అటు మళ్లిన్రు. బస్సుల జగిత్యాల పోయినప్పుడల్లా కిటికీల నుంచి ఆయన షాపు ముంగట ఎన్ని బండ్లున్నయో చూస్తుంటి. ఎక్కువుంటే ఆ రోజు ఎవలతోని మంచిగ మాట్లాడకపోతుంటి.

"ఆయన దగ్గరికి పోకు అక్క," అన్న. "విప్పుతడు గని మల్ల బిగియ్యరాదు. ఉన్న బండి కూడ కరాబు చేస్తడు."

ఆమె నా మాట నమ్మింది.

రెండు వారాలకు ఫోన్ చేసింది. కరీంనగర్ల ఒకాయన బండిని సగం ధరకు అడుగుతున్నడట, ఇచ్చేద్దామనుకుంటున్నదట. పాత వ్యాను ఎప్పుడో అమ్మేసింది. బడులు తెరిచే టైముకు బట్టలు ఎట్ల అందియ్యాలెనో సమజైతలేదన్నది. ఫోన్ పెట్టి, షెడ్డు జల్ది మూసిన.

తెల్లారి జగిత్యాల పోయిన. మంచితనంతోని పోయిన అంటే అబద్ధం. ఖలీల్‌కు కూడ గా పని రాదని తేలితే నా మాట నిజమైతది గద అని పోయిన.

ఆయన నన్ను చూసి లేచి అచ్చి కుర్చీ ఏసి ఛాయ్ తెప్పిచ్చిండు. ఎవలదో బండి అని చెప్పి, దాని సంగతి మొత్తం చెప్పిన. ఖలీల్ ఒక్కటే అడిగిండు.

"గా బండిల ఏం మోస్తరు?"

"బట్టల మూటలు. సిరిసిల్లల కుట్టుపని."

ఆయన నన్ను తన షెడ్డుల ఉన్న ఒక హైబ్రిడ్ దగ్గరికి తీస్కపోయి, ఎనుక సీటు పక్కన జాలీ చూపిచ్చిండు. బ్యాటరీ చల్లగ ఉండనీకె ఒక ఫ్యాన్ గా జాలీల నుంచే బండి లోపలి గాలి గుంజుతదట. గాలితోని పాటు బట్టల పీచు కూడ పోయి ఫ్యాన్‌కు పట్టుకుంటదట. గాలి అందకపోతే బ్యాటరీ ఏడెక్కుతది, సరిగ్గ పని చెయ్యది. భారమంత ఇంజన్ మీద పడి పెట్రోల్ ఎక్కువ తాగుతది.

ఆయన ఏది దాచుకోలే. నేనైతే దాచుకుందును. ఆ సంగతి అక్కడ నిలబడే నాకు తెలిసింది, సిగ్గయింది, దాంతోని ఇంకింత మండింది. అంతా నాకే తెలిసినట్టు నేనే విప్పుదామా అని కూడ ఒక నిమిషం అనుకున్న. నారింజ వైర్లు యాదికచ్చి ఆగిన. సుజాతక్కకు ఫోన్ చేసి, బండి అమ్మకు, జగిత్యాల ఖలీల్ దగ్గరికి తీసుకరా అన్న.

ఆమె అచ్చినంక ఖలీల్ మొదలు స్కానర్ పెట్టి చూసిండు. బ్యాటరీ సెల్లులన్ని సమానంగనే ఉన్నయి. అప్పుడు రబ్బరు గ్లౌజులు ఏసుకొని సర్వీస్ ప్లగ్ పీకిండు. దాన్ని పీకితే హై వోల్టేజ్ కరెంటు తెగుతది. పది నిమిషాలు ఆగి, ఫ్యాన్ బయటికి తీసిండు. రెక్కలకు నీలం, తెలుపు పీచు కంబళి లెక్క అతుక్కొని ఉన్నది. అన్ని యూనిఫాం రంగులే. సాఫ్ చేసి బిగిచ్చిండు. మొత్తం పదిహేను వందలు తీసుకున్నడు. పైగ ఆమెతోని, రాజేశం బండి సంగతి సరిగ్గ చెప్పవట్టే నాకు రోగం దొరికింది అన్నడు. ఆయన నన్ను తిట్టినా అంత బాధ కాకపోతుండె.

బయటికి అచ్చినంక సుజాతక్క నన్ను ఆపింది.

"ఈయనకు బిగియ్యరాదంటివి గద తమ్మి. ఎందుకట్ల చెప్పినవు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పబుద్ధి కాలే.

"ఓర్వలేకపోయిన అక్క. నాకు రాని పని ఆయనకు అస్తదని."

ఆమె కారు డోరు తీసింది. "నేను బండి అమ్ముకుంటుంటి గద," అని మాత్రం అన్నది.

ఆ నెల దాటేసరికి మైలేజ్ మల్ల పద్దెనిమిది దాటిందని ఖలీలే చెప్పిండు. సుజాతక్క చెప్పలే. ఆమె బండి మల్ల నా షెడ్డుకు రాలే. ఎక్కడన్న ఎదురైతే, బాగున్నవా అని అడుగుతది, పోతది. అది నేను చేసుకున్నదే.

ఇప్పుడు పాత హైబ్రిడ్ బండ్లు నా దగ్గరికి కూడ అస్తున్నయి. ఇంజన్ ఆయిలు, కూలెంటు, బ్రేకులు నేనే చూస్త. గీ బండ్లల్ల మోటారే సగం బ్రేకు పని చేస్తది కాబట్టి బ్రేకు ప్యాడ్లు చానా ఏండ్లు నడుస్తయి. అరగకముందే మార్చుకోకున్రి అని చెప్త. బ్యాటరీ మార్చమన్నరని ఎవలన్న అస్తే, జాలీ ముంగట మూటలు పెట్టకున్రి, ముందుగాల ఫ్యాన్ చూపిచ్చుకోన్రి అని ఖలీల్ దగ్గరికి తోలిస్త. నాకు అది రాదు అని కూడ చెప్త.

ఖలీల్ మీద కడుపుమంట పోయిందా అంటే, పోలే. ఆయన షాపు ముంగట బండ్లు చూస్తే ఇప్పటికి మండుతది. కాకపోతే నా మంటకు ఇంకొకల జేబు కాలొద్దని నేర్చుకున్న.