దినాల పాటలో కొడుకు పేరు

మట్టయ్య ఏం పని చేస్తాడని కోదాడలో ఎవరిని అడిగినా "సావు పాటలోడు" అంటారు. అతని ఎదుటే అంటారు. మనిషి పోయాక పెద్దకర్మ నాడు టెంటు కింద దండ వేసిన ఫొటో పెట్టి, పక్కన స్పీకర్లలో పోయినవారి మీద ఒక పాట వేస్తారు కదా, ఆ పాటలు అతనివి. పోయినవారి ఊరు, వారు పడ్డ కష్టం, చివర్లో కొడుకులు, బిడ్డలు, అల్లుళ్లు, మనవల పేర్లు వరుసగా వస్తాయి. పేర్లు వచ్చే చోటే జనం ఏడుస్తారు. తండ్రి పోతే ఒక రాగం, తల్లి పోతే ఒక రాగం. మారేవి పేర్లే.

అతను మా కింది వాటాలో కిరాయికి ఉంటున్నాడు. ముందు గది గోడలకు పాత బొంతలు మేకులతో కొట్టి, మధ్యలో మైకు, మూలన కంప్యూటర్ పెట్టుకున్నాడు. అంతకు ముందు మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. మెడ నరం పట్టేసి మోయలేక ఇంట్లో కూర్చున్నప్పుడు, బామ్మర్ది గోపి ఒక పాత కంప్యూటర్ తెచ్చి ఇచ్చాడు. "నీ గొంతుకు పైసలొస్తయ్ బావా" అన్నాడట. గోపి కీబోర్డు వాయించేవాడు, మట్టయ్య పాడేవాడు. తర్వాత గోపి మిర్యాలగూడలో సొంతంగా రికార్డింగ్ గది పెట్టుకున్నాడు. అందాకా పేచీ లేదు.

పేచీ గోపి తండ్రి నర్సయ్య దినాల నాడు వచ్చింది. నర్సయ్యది నడిగూడెం. పెద్దబిడ్డ జ్యోత్స్నను మట్టయ్యకిచ్చాడు. చిన్నబిడ్డ తర్వాత పుట్టినవాడు గోపి, ఒక్కడే కొడుకు. ఆ రోజు గుండు చేయించుకుని తండ్రి ఫొటో ముందు కూర్చున్నాడు. మట్టయ్య కట్టిన పాట మొదలైంది. బిడ్డల పేర్లు వచ్చాయి, అల్లుళ్ల పేర్లు వచ్చాయి, మనవల పేర్లు వచ్చాయి. కొడుకు పేరు రాకుండానే పాట అయిపోయింది. టెంటు కింద జనమంతా గోపి గుండు వైపే చూశారు.

"కంప్యూటర్ హ్యాంగైంది. నీ పేరున్న ముక్క ఎగిరిపోయింది, సూస్కోలే" అన్నాడు మట్టయ్య.

ఆ కంప్యూటర్ సంగతి గోపికి తెలుసు. నమ్మలేదు. మా బావ దొంగ, కావాలని తీసిండు అని కనబడ్డవాడికల్లా చెప్పాడు. మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ల పాటలన్నీ గోపి దగ్గరికి పోయాయి. బావ తప్పేం లేదని తమ్ముడితో పోట్లాడి జ్యోత్స్న మాట్లాడటం మానేసింది. అలా ఏళ్లు గడిచాయి.

ఈ ఎండాకాలం మట్టయ్య కంప్యూటర్ నిజంగానే మొరాయించింది. పాట నొక్కితే గరగరమంటూ ముక్కలుగా వచ్చేది. మైకులో పాడిన చరణం చెవిలోకి ఆలస్యంగా వచ్చి తాళం తప్పేది. కాసేపటికి తెర తెల్లబడిపోయేది. మట్టయ్య టేబుల్ ఫ్యాన్ దాని మీదికి తిప్పాడు. అక్కర్లేని ప్రోగ్రాములన్నీ మూశాడు. సూర్యాపేట నుంచి కొత్త ర్యామ్ తెచ్చి వేయించాడు. రిపేరు షాపువాడు మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కించాలన్నాడు. మట్టయ్య ఒప్పుకోలేదు.

"తుడిస్తే పేర్లు పోతయ్ సార్" అన్నాడు నాతో.

అతని పద్ధతి అది. పాడిన పేరు పారేయడు. కొత్త పాటకు కొత్త పేర్లు పాడి, పాతవాటిని మ్యూట్ చేసి అదే పాటలో అట్టే పెడతాడు. "తండ్రి పోయిన ఇంట్ల తల్లి గూడ ఒకనాడు పోతది గద. పిల్లల పేర్లు మళ్ల పాడుడెందుకు, ఉన్నయే తీసి పెడ్త. నా గొంతు అప్పట్ల ఉన్నట్టు ఇప్పుడు లేదు" అనేవాడు.

మిర్యాలగూడ పక్కనున్న వేములపల్లిలో దామోదర్ అనే పెద్ద రైతు తండ్రి పోతే పాట చెప్పారు. మర్నాడే పెద్దకర్మ. నాలుగు మండలాల వాళ్లు వచ్చే ఇల్లు అది. అక్కడ పాట మోగితే గోపి దగ్గరికి పోయిన ఊళ్లన్నీ మళ్లీ తనను పిలుస్తాయి. అక్కడ మాట తప్పితే ఇక ఎవరూ పిలవరు, మళ్లీ బస్తా ఎత్తడానికి మెడ లేదు. మధ్యాహ్నమైనా పల్లవి కూడా దాటలేదు. వోల్టేజీ తక్కువుందేమో చూడమని నన్ను పిలిచాడు. చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి దిగాను. కరెంటు బాగానే ఉంది. ఆ సరికే జ్యోత్స్న మొగుణ్ణి అడగకుండా తమ్ముడికి ఫోన్ చేసేసింది.

గంట దాటాక, నేనింకా అక్కడుండగానే, గోపి చెప్పులు విడవకుండా గదిలోకి వచ్చాడు.

"నీళ్లు తాగు" అంది జ్యోత్స్న.

"నీళ్లకు రాలే. డబ్బా ఏది?"

"నువ్వు తెచ్చిందే గద, కనవడ్తలేదా" అన్నాడు మట్టయ్య.

"నేను తెచ్చిననాడు నడిచింది. నీ చేతిల వడ్డంక గిట్లైంది."

"సదువుకున్నోనివి. రోగమేందో జెప్పి పో."

"రోగం డబ్బాదా, మనిషిదా అని సూస్తున్న."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ర్యామ్ చూశాడు, డిస్కు చూశాడు. సౌండు సెట్టింగు తెరిచి ఒక అంకె పెంచాడు. గరగర తగ్గింది గానీ తెర మళ్లీ తెల్లబడింది. ఆపి, మళ్లీ తెరిచి, పాటను కిందికి జరుపుతూ పోయాడు. ట్రాకు కింద ట్రాకు, అన్నీ మ్యూట్ చేసినవే. ఎంత జరిపినా అయిపోవడం లేదు.

"ఏందివి?"

"పేర్లు."

"ఎవలయి?"

"అందరియి. మూసి పెట్టిన. సప్పుడు రాదు గద, గీటికేం బరువు?"

గోపి నవ్వాడు. "సప్పుడు రాదు గని పని జేస్తనే ఉంటయ్ బావా. ఒక్కొక్కదానికి ఎకో తగిలిచ్చినవ్. కొత్తది పాడిన ప్రతిసారి గీ సచ్చినోళ్ల పిల్లలందరిని మోస్తున్నది నీ డబ్బా. ర్యామేసినవంట. గీ తెలివికి ర్యామెందుకు?"

"ఎక్కిరింతలు సాలు. పని సూడు."

గోపి ట్రాకుల మీద రాసిన పేర్లు చదువుతూ, వెక్కిరిస్తూ దిగుతున్నాడు. ఒక చోట ఆగిపోయాడు. అక్కడ 'నర్సయ్య మామ, గోపి' అని ఉంది. మ్యూట్ తీసి దాన్నొక్కదాన్నే మోగించాడు.

*ఒక్కడే కొడుకు గోపన్నా, నీ ఒడిల పెరిగిన గోపన్నా...*

మట్టయ్య గొంతే, ఇప్పటికంటే నిండుగా ఉంది. ఎక్కడా తెగలేదు.

"ఎగిరిపోయిందంటివి" అన్నాడు గోపి.

మట్టయ్య మైకు తీగ సర్దబోయాడు.

"హ్యాంగైందంటివి. మంచిగ పాడినవ్, ఎకో వెట్టినవ్. ఇది దానంతట అది మూసుకోదు. నువ్వు నొక్కితేనే పోయింది."

"నొక్కిన."

"ఎందుకు నొక్కినవ్?"

గడపలో నిలబడ్డ జ్యోత్స్న అంది, "నేనే నొక్కమన్న."

గోపి కుర్చీలోనే వెనక్కి తిరిగాడు.

"సూర్యాపేట దవాఖానల నాయిన తలుపు దిక్కే సూసుకుంట పండుకున్నడు. నర్సు వచ్చినా, ఊడిసేటామె వచ్చినా, గోపా అని లేవవోయేది. నువ్వు రాలే. సచ్చినంక గుండు జేపిచ్చుకొని అందరికంటె ముందట కూసున్నవ్. గా పాటల ఒక్కడే కొడుకు అని గూడ వినాల్నా నేను?"

"నాకెవరు చెప్పిన్రు?"

"ఫోన్ జేసిన. నీ పెండ్లాం ఎత్తింది. రికార్డింగుల ఉన్నడు, చెప్త అన్నది."

"నాకు చెప్పలే."

"గది మీ ఇంట్ల అడుక్కో."

గోపి మట్టయ్య వైపు తిరిగాడు. "నిన్ను దొంగ అని ఊరూర చెప్పిన. నీ ఊళ్లన్ని గుంజుకున్న. అప్పుడన్న నోరు తెరవకపోతివి."

"తెరిస్తే మీ అక్కననేటోనివి."

"అనకపోతునా? నువ్వు గని తక్కువనా బావా? ఆమె చెప్పంగనే నొక్కినవ్. తప్పని ఒక్క మాటన్నవా?"



గోపి తన పేరును మళ్లీ మ్యూట్ చేశాడు. తర్వాత మ్యూట్ చేసిన ట్రాకులన్నిటినీ ఒకేసారి పట్టుకున్నాడు. తెర మీద అవన్నీ నీలంగా మారాయి. మట్టయ్య వంగి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"పేర్లు, గోపి."

"డబ్బా నడవాల్నా వద్దా? నడవాల్నంటే ఇవి పోవాలె. ఎవడొచ్చినా గిదే చెప్తడు. చెయ్యి తీయి."

మట్టయ్య జ్యోత్స్న వైపు చూశాడు. ఆమె ముఖం తిప్పుకుంది. అతను చెయ్యి తీశాడు.

గోపి నొక్కాడు. అంతటితో ఆగలేదు. డిస్కులో ఆ గొంతులు దాచిన ఫైళ్లు వెతికి తీసేశాడు, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. మట్టయ్య ఇన్నేళ్లు దాచుకున్న గొంతంతా పోయింది. అప్పుడు పాట నొక్కితే మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా ఆగకుండా వచ్చింది. రిపేరంటే అదే రిపేరు. దాంట్లో వంక పెట్టడానికి లేదు.

"నీ పేరొక్కటన్న ఉంచకపోతివి" అంది జ్యోత్స్న.

"మీరొద్దన్న పేరు మీకెందుకు?" అని బండెక్కి వెళ్లిపోయాడు.

జ్యోత్స్న వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. మట్టయ్య ఫ్యాన్ కట్టేసి మైకు ముందు నిలబడ్డాడు. చెమట కారుతుండగానే పల్లవీ చరణాలూ పాడాడు. కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఎండ దిగాక దామోదర్ తన ఇంట్లో అందరి పేర్లు చెప్పడానికి ఫోన్ చేశాడు. మట్టయ్య స్పీకర్‌లో పెట్టి ఒక్కొక్క పేరూ వెనకే పలుకుతున్నాడు. అందరివీ అయ్యాక దామోదర్ గొంతు తగ్గించి అన్నాడు.

"మా తమ్ముడొకడున్నడు మట్టయ్యా. భూమి కాడ లొల్లి నడుస్తున్నది. వాని పేరు గూడ పాడి పెట్టు. పొద్దుగాల వాడు పెద్దమనుషుల మాటింటే ఉంచుదాం, లేకుంటే తీసేద్దువు."

"పాడినంక తీసుడు లేదు పటేలా."

"ఏందయ్యా, కొత్త మాట? ఒక్క బటన్ పనే గద."

"ఉండాల్నో వద్దో ఇప్పుడే చెప్పు. ఉండాల్నంటే పాడుత. ఇగ అది ఉంటది."

అవతల ఆడగొంతు ఒకటి ఏదో అంది. మగగొంతు ఒకటి దాని మీద అరిచింది. దామోదర్ ఫోన్ దగ్గరికి మళ్లీ వచ్చాడు.

"వద్దు."

"సరే" అన్నాడు మట్టయ్య. ఆ తమ్ముడి పేరేమిటో అడగకుండానే ఫోన్ పెట్టేసి, మైకు ముందుకు పోయి మిగిలిన పేర్లు పాడాడు.