జాలీ కింద కలువలు

చిల్కానగర్‌లో మా ఇంటి ముందున్నదాన్ని కుంట అనడం ఎక్కువే. మోకాలి లోతు సిమెంటు గుంట. దాన్నిండా తామర పెంచాను. నాకు ఆరో నెల వచ్చాక మా అత్తగారు రోజూ దాని గట్టున నిలబడి బెంగపడేవారు.

"రేపు పసిబిడ్డ పాకుకుంట పోతే ఎట్లరా? మీద జాలీ చేపియ్యి," అని మా ఆయన్ని పోరారు.

పుట్టకముందే బిడ్డకు ఏదీ కొనకూడదనే మనిషి ఆవిడ. ఉయ్యాల వద్దు, గౌను వద్దు. నేను ముచ్చటపడి కొన్న పసుపుపచ్చ ఊలు కూడా ఎవరికో ఇచ్చేశారు. జాలీ మాత్రం తానే చేయించమన్నారు. ఇనుము కదా, బిడ్డ సామానులో జమ కాదు. చాదస్తానికీ దాని లెక్కలు దానికుంటాయి.

నాచారం నుంచి వెల్డింగ్ అతను వచ్చి కొలతలు తీసుకున్నాడు. పసిపాదం దిగకుండా సందులు మూడు వేళ్ల వెడల్పే ఉంచమన్నాం. మరి దాని కింద ఏ మొక్క బతుకుతుంది? ఉప్పల్ దాటి, నారపల్లి దారిలో ఉన్న నర్సరీకి వెళ్లి అడిగాను.

"తామరాకు నీళ్ల మీదికి లేస్తది మేడం, జాలీకి తగుల్తది. కలువ పెట్టుకోన్రి. ఆకు నీళ్ల మీదనే పరుసుకుంటది," అన్నాడు అక్కడి ఆయన.

మనసొప్పకపోయినా తామర పీకేశాను. కలువ దుంపల్ని బంకమట్టి తొట్లలో మొన బయటికి ఉండేలా నాటి, మట్టి లేవకుండా గులకరాళ్లు పరిచాను. గట్టు పక్క తడిలో ఒక వస మొక్క పెట్టాను. మాటలు బాగా రావాలని పసివాళ్ల నాలుకకు రాసే వస అదే. అత్తగారు దాన్ని చూసి "మంచిదే, రేపు..." అని, నాలుక కరుచుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఎనిమిదో నెలలో పాప కడుపులోనే పోయింది.

ఇంటికొచ్చాక నేను ఏడవలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఏడుస్తుంటే టీ పెట్టాను. "ఏం ఫికర్ జెయ్యకు, మళ్ల పుడ్తరు," అన్నావిడకు చక్కెర వేయకుండా ఇచ్చాను. నాకు మిగిలిన కోపం ఆపాటిదే. ఒంట్లోంచి ఎవరో ఫ్యూజు పీకేసినట్టుండేది.

ఆ వారమే జాలీ వచ్చింది. చేయమన్న సంగతి మేమంతా మరిచిపోయాం. జరిగింది వెల్డింగ్ అతనికి తెలియదు. "సూడక్కా, పసిపిల్ల కాలు గూడ దిగది," అని సంబరంగా చెప్పి, గట్టుకు బిగించి పోయాడు.

పాప కోసమని ఇంట్లో ఉన్న వస్తువు అదొక్కటే. ఫొటో లేదు, పేరు లేదు. తీసేయిద్దామని మా ఆయన అన్నప్పుడల్లా "తర్వాత చూద్దాం" అనేదాన్ని. ఇనుప కడ్డీల మీద మమకారమేంటని అడిగితే ఏం చెప్పను? రోజూ దాని పక్కనుంచి బండి తీయడం ఆయన వల్ల కావడం లేదని అత్తగారు చెప్పారు.

నేను సందుల్లోంచి వేళ్లు దూర్చి కలువల పండాకులు గిల్లేదాన్ని. పూలు పూశాయి, చూశాను. ఏమీ అనిపించలేదు. వస దుబ్బు కట్టింది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, నాకు చెప్పకుండా మా ఆయన వెల్డింగ్ అతన్ని పిలిపించారు. అతను కటింగ్ మిషన్ ప్లగ్గు పెట్టి, వంగి, ఆగిపోయాడు.

"గిదేందన్నా?"

పీకేసిన తామర ముక్క బురదలో మిగిలిపోయినట్టుంది. తామరాకు చుట్టుకునే పైకి లేస్తుంది కదా, అలాగే సందులోంచి దూరి, జాలీ మీదికొచ్చి విప్పుకుంది. అన్నం పళ్లెమంత ఉంది. జాలీ ఎత్తితే ఆకు చిరుగుతుంది.

"తెంపెయ్యనా?" అన్నాడతను.

"వద్దు," అన్నాను గుమ్మంలోంచి.

"ఆకుదేముందక్కా, మళ్ల వస్తది."

"ఆకు కాదు," అన్నాను. నా గొంతు వీధిలోకి వినపడింది. "జాలీ తీయొద్దు. అది పాపది."

అతను అర్థంకాక మా ఆయన వంక చూశాడు. ఆయన వెళ్లి ప్లగ్గు పీకి, వైరు మోచేతికి చుట్టుకుంటూ అన్నారు.

"ఉండనియ్ అన్నా. మా బిడ్డది."