రికార్డు రెండో వైపు

జమీందారీ అంతా పోగా నాకు దక్కింది ఒక్క గ్రామఫోన్ రికార్డు. లేబుల్ మీద కృతికర్తగా మా తాతగారి పేరుంది. రెండో వైపు గీతలు పడ్డాయని నాన్నగారు మమ్మల్నెప్పుడూ వేయనివ్వలేదు. ఉత్తరాదిన మేముండే మయూర్ విహార్‌లో మా తెలుగువాళ్లంతా కలిసి పాత పాటల సీడీ తెస్తున్నామంటే, తాతగారి పేరు అన్నిటికన్నా పైన ఉండాలని షరతు పెట్టి మరీ తీసుకెళ్లాను.

సీడీకి పాటలు ఎంపిక చేస్తున్న సంగీతం టీచరుగారు మొదటి వైపున్న పల్లవి, అనుపల్లవి విన్నారు. "కర్త తన ముద్ర వేసుకునేది చరణంలో కదండీ? అటువైపు తిప్పుదాం."

"గీతలు పడ్డాయండీ."

నాతో వచ్చిన మా అమ్మాయి రికార్డును వెలుతురులో పెట్టి గీతలెక్కడా అని వెతికింది. "స్క్రాచ్ కహాఁ హై, పాపా?"

చరణం ఖంగున మోగింది. చివర్లో వేణుగోపాలుడి ముద్ర వచ్చింది. తాతగారితో జీవితాంతం వ్యాజ్యమాడిన పక్క ఊరి జమీందారు తన ప్రతి పాటలోనూ పెట్టుకునే ముద్ర అది. నాన్నగారు ఆ వైపు ఎందుకు వేయనివ్వలేదో అప్పుడు అర్థమైంది.

టీచరుగారు నవ్వు ఆపుకుంటూ అడిగారు. "మరి సీడీ మీద ఎవరి పేరు వేయమంటారు?"

నేను నిటారుగా లేచి, రికార్డును కవర్లో పెట్టేశాను.

"ఎవరి పేరూ వద్దండీ. రెండు వైపులా గీతలు పడ్డాయి."