కొర్రబువ్వ కొట్లాట

మొన్న మా కోడలు కొర్రల పొట్లం తెచ్చి, "షుగరుకు మంచిదంట అత్తా, టౌన్లో అందరూ ఇదే తింటాండారు" అని నాకు చెప్పింది. నాకు! నవ్వొచ్చింది. పందొమ్మిది వందల యాభైల చివర్లో, అనంతపురం పక్క మా యాడికి ఊళ్లో, ఆ కొర్రల కోసమే మేం తలలు పగలగొట్టుకున్నాం.

మా ఆయన కూలింట్లో పుట్టినవాడు. చిన్నప్పుడు కొర్రబువ్వ, సంగటి తప్ప ఎరగడు. వేరుశనగ వ్యాపారంలో నాలుగు రాళ్లు కనబడగానే, తన పొయ్యి మీద వరి బువ్వ తప్ప ఉడకకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. వాన మొహం చూడని ఏడు కూడా మాకు తెల్లబువ్వే. అలాంటి మనిషికి కాల్లో తుమ్మముల్లు దిగి, మూడు నెలలైనా పుండు మానలేదు. అనంతపురం డాక్టరు చక్కెర జబ్బన్నాడు. వరి మాని కొర్రలు తినకపోతే మోకాలి దాకా కాలు తీసేయాలన్నాడు. కాలు పోతుందంటే బెదరని మా ఆయన, కొర్రలు అన్నందుకు డాక్టరు మీదికి చేతికర్ర ఎత్తాడు.

మర్నాటి నుంచి ఇంటిల్లిపాదికీ కొర్రలే వండాను. మొదటి పూటే ఆయన పళ్లెం ఎగిరొచ్చి నా కనుబొమ్మ చీల్చింది. "మళ్లా నన్ను కూలోన్ని చేస్తావా?" అన్నాడు. నెత్తురు కొంగుతో అదుముకుని ఇంకో పళ్లెం పెట్టాను. "ఇసురుకో. ఇంకా ఐదు పళ్లేలుండాయి" అన్నాను. ఐదూ సొట్టలు పోయాక తినడం మొదలుపెట్టాడు. నా మొహం చూడనంటే మా అత్త వడ్డించేది. పది రోజులు తలొంచుకుని తిన్నాడు. గెలిచాననుకున్నాను. పుండు మాత్రం నల్లబడుతూనే ఉంది.

మా పక్క అప్పట్లో మొగుడు తిన్న పళ్లెంలోనే పెళ్లాం తినాలి. ఆమె కోసం ఓ ముద్ద మిగల్చడం మొగుడి మర్యాద. ఆ పది రోజులూ పళ్లెం నాకినట్టు ఖాళీగా వచ్చేది. కోపమనుకున్నాను. పదకొండో రోజు చెయ్యి పెడితే, కొర్రబువ్వ కింద పిడికెడు వరి బువ్వ, పప్పు కలిపి, నాకోసం.

అత్త పనే. రోజూ పక్కింట్లో వండించి కింద దాచి పెడుతోంది. రోకలి తీసుకుని పోయి, ఆమె మంచం కింది బియ్యం బాన మీద ఒక్కటేశాను. అత్త నా జుట్టు పట్టుకుంది. "నా బిడ్డను కడుపు మాడ్చి సంపుతావా?" అంది. ఒక్క తోపు తోశాను, గోడకు కొట్టుకుంది. ఆయన కుంటుకుంటూ వచ్చి రోకలి లాక్కుని నా మీదికి ఎత్తాడు. నేను కదల్లేదు. "ఎయ్యి. ముందు నన్ను సంపి, తర్వాత తిను. ఎట్లాగూ దొరక్కుండా తింటాంటివి, ఈ పొద్దు ఎందుకు మిగిలిస్తివి?"

రోకలి కాసేపు గాల్లోనే ఉంది. "నీకు పెట్టకుండా గొంతు దిగల్యా" అన్నాడు. ఆ రోకలితోనే పగిలిన బానను పిండి పిండి చేశాడు. బియ్యం మట్టిలో కలిసింది. అత్త ఏడుస్తూ కోళ్లను పిలిచింది.

రెండు వేళ్లు పోయాయి, కాలు దక్కింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్లు, ప్రతి ముద్దకూ కొర్రల్నీ నన్నూ కలిపి తిడుతూ బతికాడు. ఆ ఇరవయ్యేళ్లూ ఎట్లా పరిగెత్తాయో తెలియదు, ఇప్పుడు తిట్టే మనిషి లేని పూట ఒక్కటీ గడవదు.