ఒక్క సూది వార్త

ఆ రోజు పొద్దున నేను చేసిన తప్పు, వార్తను సగమే చదవడం.

వజ్రకరూరులో మా వీధి టీ బంకు దగ్గర పేపరు పైకి చదివే పని నాది. ఎవరూ అప్పగించలేదు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా అరిచిన గొంతు రిటైరయ్యాక ఊరికే ఉండలేకపోయింది. చదవడమంటే ఉన్నది ఉన్నట్టు చదవను. చప్పగా ఉన్నచోట కాస్త ఉప్పూకారం వేస్తాను, విసుగు పుట్టించే చోట ఆపకుండా పోనిస్తాను.

ఆ రోజు వార్త జన్యు చికిత్స గురించి. పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవాళ్లకు, పాడైన జన్యువు చేయలేని పనిని చేసే మంచి జన్యువును, హాని చేయని వైరస్‌లో పెట్టి ఒక్కసారి నరంలోకి ఎక్కిస్తారట. అది కాలేయానికి చేరి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాన్ని అక్కడే తయారు చేయిస్తుందట.

నా ఎదురుగా బెంచీ మీద మా వీధి దర్జీ కూర్చున్నాడు. అతనికి ఉన్నది ఆ జబ్బే. చిన్నప్పటి నుంచీ కీళ్లలో రక్తం చేరినప్పుడల్లా అనంతపురం పెద్దాసుపత్రికి పోయి సూది వేయించుకోవాలి. ముందురోజు నుంచి మోకాలు చురుక్కుమంటోందని బస్సుకు బయలుదేరినవాడు, టీ కోసం ఆగాడు.

"ఇంగ నీకు ఒక్కటే సూది భాయ్! బతుకంతా సాలు!" అన్నాను, పేపరు మడిచి తొడ మీద కొట్టి.

"నిజంగానా అన్నా?"

"అచ్చులో పడినాక అబద్ధమెట్లయితాదప్పా?"

వార్త కింద ఇంకా సగం ఉంది. కానీ బంకులో అందరూ "అబ్బా" అంటున్నారు. ఆ అబ్బాను పోగొట్టుకోవడం ఇష్టంలేక అక్కడే ఆపేశాను. వాన పడితే చేలల్లో వంగి వజ్రాలు వెతికే ఊరు మాది. ఒక్క రాయి దొరికితే ఇంటిల్లిపాది కరువూ తీరుతుందని నమ్మేవాళ్లం, ఒక్క సూదిని నమ్మమా?

మధ్యాహ్నం నా ప్యాంటు కోసం కొట్టుకు పోతే, దర్జీ గోడకు ఆనుకుని, కాలు స్టూలు మీద చాపి ఉన్నాడు. మోకాలు చిన్న పుచ్చకాయంత అయింది.

"ఆసుపత్రికి పోలేదా?"

"పెద్ద సూది వస్తాంటే ఈ చిన్న సూదులేంటికని పోలేదన్నా."

అతని భార్య గుడ్డలో ఐసు చుట్టి మోకాలికి అదుముతోంది. తలెత్తకుండానే అంది: "బస్సు ఎక్కకముందే దింపిన కండక్టరును ఇప్పుడే సూస్తాండా. ఈ కాలు వంగకపోతే నీ పేపరొచ్చి గుడ్డలు కుడతాదా అన్నా?"

ఆటో పిలిచి, అతణ్ణి వెనక సీటులో కాలు చాపి కూర్చోబెట్టి, పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. సూది వేశాక డాక్టరమ్మను వార్త సంగతి అడిగాను.

"వార్త నిజమే. కొందరికి బాగా పనిచేసింది, ఏళ్లపాటు సూదుల అవసరం తప్పింది. కానీ అందరికీ కుదరదు. ఆ వైరస్‌ను ఎదిరించే శక్తి ఒంట్లో ముందే ఉంటే మందు పారదు. కాలేయం బాగుండాలి. కొందరిలో పోనుపోను ఫలితం తగ్గుతుంది కూడా. ఖర్చూ ఎక్కువే. పరీక్షలకు పెద్ద కేంద్రానికి రాసిస్తాను. అంతవరకు ఈ సూది మానొద్దు. ఇంకా ఆలస్యమైతే కీలు దెబ్బతినేది. పేపర్లో ఇదంతా రాయలేదా?"

"రాసినారమ్మా," అన్నాను. "నేనే చదవల్యా."

దర్జీ మంచం మీద నుంచి నన్ను చూసి నవ్వాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు బంకు దగ్గర ముందురోజు పేపరే తీశాను. "అది పాతది కదప్పా!" అని కేకలేశారు.

"పాతదే. సగం నేను మింగినా, ఇప్పుడు కక్కుతాండా. ఇనండి."

ఒక్క ముక్కా కలపకుండా చదివాను. ఎవరూ అబ్బా అనలేదు. ఇద్దరు మధ్యలోనే లేచిపోయారు.

అక్కడి నుంచి నేరుగా కొట్టుకు పోయాను. డాక్టరమ్మ కాలు కదపొద్దంది కాబట్టి, దర్జీ చేతులతో గుడ్డ జరుపుతుంటే, పక్కన ముక్కాలిపీట వేసుకుని మిషను నేను తొక్కాను. తొలిరోజే ఒక జాకెట్టు చేయి వంకర పోయింది. అతను అది విప్పి మళ్లీ కుట్టేదాకా తొక్కుతూనే ఉన్నాను.