పాళెగాడి ఇంట్లో బియ్యం లేవంట

మా ముత్తాత పెద్ద ఓబుళనాయుడు పద్దెనిమిది ఊళ్ల కావలి పాళెగాడు. ఆయన దగ్గితే నందికొట్కూరు దాకా కుక్కలు మొరగడం మానేవట. మా తాత చిన్న ఓబుళనాయుడికి ఆ ఊళ్లలో రెండు మిగిలాయి. మా నాయనకు ఆ రెండు ఊళ్లలో దండాలు మిగిలాయి. నాకు మిగిలింది వంగని వెన్నెముక ఒక్కటే. అది నన్ను ఊరందరి ముందు ఎంత కిందికి వంచిందో చెబుతాను. నవ్వదలచినవారు కాస్త పక్కకు తిరిగి నవ్వండి, పరువు గల ఇల్లు.

అప్పట్లో మధ్యాహ్నం అన్నం తిన్నానంటే మేకను మింగిన కొండచిలువలా పడిపోయేవాణ్ణి. అరికాళ్లు భగభగ మండేవి. వీపు మీది సెగ్గడ్డ మూడు నెలలైనా మానలేదు. నేను దొడ్లోకి వెళ్లివచ్చిన చోట చీమలు తిరునాళ్ల జరిపేవి. చివరికి హకీము ఖాదర్ సాహెబు దగ్గరికి పోక తప్పలేదు.

"తీపి రోగం నాయుడప్పా. అన్నం, సంగటి, రొట్టె, బెల్లం ముట్టొద్దు. మాంసం, గుడ్లు, ఆకుకూర, నెయ్యి తిను."

"నేనే కందికట్టె మాదిరి ఉండా సాయిబూ. ఇంకా చిక్కమంటావా?"

"చిక్కేదానికి కాదప్పా, బతికేదానికి."

తాతలు నేతులు తాగితే మనవడి మూతి వాసన చూడమంటుంది లోకం. నా మూతికి మాత్రం హకీము నెయ్యే రాసిచ్చాడు. రెండు నెలలు తిరిగేసరికి అరికాళ్లు చల్లబడ్డాయి, గడ్డ మానింది, చీమలు వేరే ఊరు చూసుకున్నాయి. పగటినిద్ర వదిలి చెవులు చురుగ్గా పనిచేయసాగాయి. అదే కొంప ముంచింది.

ఒక మధ్యాహ్నం గోడ అవతల శనక్కాయల వ్యాపారి మద్దిలేటి గొంతు వినపడింది.

"పాళెగాడి ఇంట్లో బియ్యం లేవంట. మేక మాదిరి ఆకులు తిని బతుకుతాండాడు."

నా వెన్నెముక ఇంకో అంగుళం పెరిగింది. నా భార్య నాగమ్మ నచ్చజెప్పబోయింది.

"రోగమని చెప్పేస్తే పోలేదా?"

"పాళెగాళ్లకు రోగాలుండవు. కత్తిపోట్లుంటాయి."

"అయితే నోట్లో పొడిచినారని చెప్పు."

నేను వినలేదు. ఊరంతటికీ విందు ప్రకటించాను. సన్నబియ్యం అన్నం, పొట్టేలు కూర, బెల్లం పూర్ణం కూరిన ఓళిగలు. అందరికీ అన్నం రాశులు పోయించి, నేను మాత్రం కూర, నెయ్యి వేయించుకుని రాజులా కూర్చున్నాను. ఎదుటి బంతిలో మద్దిలేటి తల ఎత్తాడు.

"ఏమప్పా నాయుడప్పా, మాకు పెట్టి నీకు లేకపాయనా? నా విస్తట్లోది ఒక ముద్ద పెట్టేదా?"

బంతంతా కిసుక్కుమంది. పక్కనే ఉన్న హకీము నా తొడ గిల్లాడు. "వద్దప్పా. నగితే నగనీ."

"నాగీ, అన్నం తే" అన్నాను.

మూడు రాశులు తిన్నాను. మద్దిలేటి కళ్లలోకి చూస్తూ ఓళిగల మీద పడ్డాను. ఎనిమిదోది మాత్రమే గుర్తుంది. తర్వాత మొహం నేరుగా విస్తట్లో పడిందట. గురక మొదలయ్యేలోపే ఎవరో "పాళెగాడు పాయె" అని ఏడుపు అందుకున్నారట. హకీము నాడి పట్టి చూసి, "చావలేదప్పా. అన్నం తినినాడు, అంతే" అన్నాడట.

సాయంత్రం కళ్లు తెరిచాను. అరికాళ్లు కొలిమిలా ఉన్నాయి. నాగమ్మ నా కనుబొమల్లోంచి మెతుకులు ఏరుతోంది.

"ఊరేమంటాండాది?" అని గర్వంగా అడిగాను.

"శానా జాలి పడినారు. అన్నం మొగం చూసి ఎన్నేండ్లయిందో పాపం, అట్ల తినినాడని. మద్దిలేటి అయితే కండ్లనీళ్లు పెట్టుకున్యాడు. పోతా పోతా మనకు బియ్యం మూట ఇచ్చిపోయినాడు."

ముత్తాత కత్తి మీద చెయ్యి వేసి ఆ క్షణమే ప్రమాణం చేయాలనుకున్నాను. కత్తి లేదు గనుక వంటింటి కత్తిపీట మీద వేసి చేశాను: ఈ వంశంలో ఎవడూ ఇకమీదట పరువు కోసం ఒక్క మెతుకైనా మింగరాదు.

ఆ విందు కోసం అమ్మింది కాలువ కింద ఎకరం మడి. మాకు వరి పండేది అందులోనే.