మేనమామ పట్టిన బంతి

దుబాయిలో బేస్‌బాల్ జట్టు ఉందంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. వాళ్లనేం అనలేం, దుబాయిలోనే ఎవరూ నమ్మేవారు కాదు. ఆ నమ్మకం కలిగించడమే మా కంపెనీకి వచ్చిన కాంట్రాక్టు.

కరోనా సద్దుమణిగిన రెండు మూడేళ్ల తర్వాతి సంగతి. అప్పట్లో నేను బర్ దుబాయ్‌లో ఒకే గదిలో ఇంకో ఐదుగురితో ఉంటూ, చిన్న ఈవెంట్ కంపెనీలో కోఆర్డినేటర్‌గా పనిచేసేవాణ్ణి. కోఆర్డినేటర్ అంటే కుర్చీలు చాలకపోతే తిట్లు తినేవాడు. మిగిలిపోయినా తినేవాడు. ఆ జట్టు ఆటలకు ఎప్పుడూ మిగిలేవి. మొదటి మ్యాచ్‌లో ఆటగాళ్లు ప్రేక్షకులకు చేతులూపారు, ఒక్కొక్కరికీ విడివిడిగా. అంత తీరిక ఉండేది.

దాంతో జట్టు ప్రచారం చూసే అమెరికా ఆయన ఒక ‘అభిమానుల దినం’ తలపెట్టాడు. ఉచితంగా టోపీ, ఉచితంగా బిర్యానీ, మైదానంలో తిరిగే ఒంటె వేషం. అన్నిటికంటే పెద్దది, బహుమతి. ఆటలో ప్రేక్షకుల మధ్యకు వచ్చే మొట్టమొదటి బంతిని ఎవరు పడితే వాళ్లకు సొంత దేశానికి రానుపోను విమానం టికెట్. అన్నీ బాగానే ఆలోచించాడు. అభిమానులు ఎక్కణ్నుంచి వస్తారన్నది మాత్రం మాకు వదిలేశాడు.

మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచి, "అల్ వర్సాన్ లేబర్ క్యాంపుల్లో నీ వాళ్లు చాలామంది ఉన్నారు కదా, ఆదివారం సెలవే కదా, ఓ బస్సెడు మందిని పట్టుకురా" అన్నాడు. ఆయన లెక్కలో తెలుగు మాట్లాడేవాళ్లందరూ నా వాళ్లే. నిజానికి అక్కడ నాకు తెలిసింది ఒక్కడే.

ఆయన మా పక్క ఊరివాడు, జగిత్యాల దిక్కు. నాకంటే పదేళ్లు పెద్ద కాబట్టి అన్న అనేవాణ్ణి. కట్టే భవనాల చుట్టూ పరంజా బిగించే పని. ఆదివారాలు నేను ఆయన గదికి వెళ్లి కోడికూర తినేవాణ్ణి, బదులుగా జోకులు చెప్పేవాణ్ణి. ఆ బేరంలో ఆయనకే నష్టం.

ఆ చలికాలమంతా అన్నకు ఒకటే ధ్యాస. ఆయన చెల్లెలికి ఒక్కడే కొడుకు. అన్న ఇక్కడికి వచ్చాక పుట్టాడు. వాడి పుట్టువెంట్రుకలు ఇంకా తీయలేదు. వేములవాడలో మొక్కు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, మొదటి కత్తెర మేనమామ చేత వేయించి, ఆ తర్వాతే గుండు గీయించాలి. ఆ మేనమామ ఇక్కడ పదిహేనో అంతస్తులో ఉన్నాడు. పిల్లవాడికి మూడో ఏడు నిండడానికి నెలే ఉంది. అది దాటితే మళ్లీ ఐదో ఏట గానీ తీయకూడదట. ఈలోగా వాడి జుట్టు కళ్లలో పడుతుంటే రెండు పిలకలు వేస్తున్నారు. చూసినవాళ్లంతా "పాప పేరేంది?" అని అడుగుతున్నారు.

అన్నకు ఆయన కంపెనీవాళ్లు పదిరోజుల సెలవు ఇస్తామన్నారు. టికెట్ మాత్రం వచ్చే ఏడాదే అన్నారు. సొంతంగా కొనుక్కునే సంగతి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. నేనే కొనిపెట్టొచ్చు కదా అని మీకు తోచి ఉంటుంది. నాకూ తోచింది. అలాంటి గొప్ప ఆలోచనలు నాకు ఎప్పుడూ నెల చివర్లోనే వచ్చేవి.

కాబట్టి టికెట్ సంగతి చెప్పగానే అన్న బిర్యానీ గురించి కూడా అడగలేదు. బస్సెడు మందిని ఆయనే పోగుచేశాడు.

నాకు అమెరికా ఆయన రెండు పేజీల కాగితం ఇచ్చాడు, బస్సులో అందరికీ వివరించమని. మొదటి పేజీ వివరించాను. రెండో పేజీ దగ్గరికి వచ్చేసరికి బస్సు మంచి హుషారులో ఉంది. నియమాలు చదివి దాన్ని చెడగొట్టడం ఎందుకని కాగితం జేబులో పెట్టేశాను.

"తమ్మీ, ఇది క్రికెట్టేనా?" అని వెనక సీటు నుంచి ఒకాయన అడిగాడు.

"గసోంటిదే. వికెట్లుండవ్."

"వికెట్లు లేకపోతె ఔటెట్లయితరు?"

"మూడుసార్లు కొట్టరాకపోతె సిగ్గుతోని వాళ్లే పోతరు."

"అంటె చిర్రగోనె అన్నట్టు" అని అన్న దాన్ని మా ఊరి బిళ్లంగోడు కింద తేల్చేశాడు. బస్సుకు ఆట అర్థమైపోయింది.

"మరి బంతి మన దిక్కస్తె?"

"వట్టుకోవాలె. ముందుగాల వట్టుకున్నోనికే ఇండియా టికెట్. పోను, రాను."

"పోనొక్కటిచ్చినా సాలు తియ్యి" అన్నాడెవరో. బస్సంతా నవ్వింది. అన్న నవ్వలేదు.

"ఎవ్వలన్నా వట్టుకోవచ్చా? పాస్‌పోర్ట్ గిట్ల అడుగుతరా?" అన్నాడు నాతో, మెల్లగా.

"చేతులుంటె సాలన్నా."

ఆయన తన చేతుల్ని ఒకసారి చూసుకున్నాడు. నిజానికి వాటికి వంక పెట్టేదేం లేదు. కింది అంతస్తు నుంచి విసిరే ఇనప క్లాంపుల్ని రోజంతా గాల్లో అందుకునే చేతులవి.

అభిమానుల దినం ఎలా సాగిందో క్లుప్తంగా చెబుతాను. పంచిన టోపీలు నీలం రంగువి. ఎండకు చెమట పట్టగానే ఆ రంగు నుదుళ్ల మీదికి దిగింది. అరగంటలో మా వాళ్లందరూ ఒకే రకం జబ్బు చేసినవాళ్లలా తయారయ్యారు. ఒంటె వేషంలో ముందు కాళ్లు మా డ్రైవరు, వెనక కాళ్లు మా స్టోర్ కీపరు. ఒక చుట్టు తిరిగాక వెనక కాళ్లకు ఉక్కపోసి కూర్చుండిపోయాయి, ముందు కాళ్లు మాత్రం నడవాలని చూస్తున్నాయి. లోపలి నుంచి "యల్లా, ఉఠో భాయ్" అన్న మాట మైకులో వినబడింది. మా వాళ్లు ఇదే అసలు ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. అమెరికా ఆయన ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అప్పటికింకా నాకు సరదాగానే ఉంది.

అప్పటిదాకా ఒక్క బంతీ ప్రేక్షకుల్లోకి రాలేదు. సాయంత్రం నాలుగున్నరకు ఒకడు బంతిని గట్టిగా కొట్టాడు. అది బాగా పైకి లేచింది, అవతలి గ్యాలరీ వైపు పోతున్నట్టే కనిపించి మా వైపు తిరిగింది. బస్సెడు మందీ లేచారు. బస్సెడు మందీ చేతులు చాచారు. అన్న మాత్రం చేతులు చాచలేదు. రెండడుగులు వెనక్కి వేసి, ఒక కుర్చీ పక్కకు నెట్టి, బంతి ఎక్కడికి రావాలో అక్కడ నిలబడ్డాడు. అది రాగానే రెండు చేతులతో ఛాతీ దగ్గర అందుకున్నాడు. చప్పుడు నాకు వినబడింది.

అరుపులు మొదలయ్యాయి. ఎవరో ఆయన్ని ఎత్తుకోబోయారు. నేను కుర్చీ ఎక్కి ఈల వేశాను.

అన్న బంతిని ఒక్కసారి పైకెత్తి చూపించాడు. ఆ తర్వాత, నేను ఈల వేస్తూ ఉండగానే, కంచె దగ్గర నిలబడ్డ ఫీల్డరుకు దాన్ని తిరిగి విసిరేశాడు.

సరిగ్గా చేతిలో పడేలా విసిరాడు. దానికీ మా వాళ్లు చప్పట్లు కొట్టారు. మా ఊళ్లల్లో క్రికెట్ ఆడిన ఎవరైనా అదే చేస్తారు. బంతి జొన్నచేనులో పడ్డా, పోలీస్ స్టేషన్ గోడ అవతల పడ్డా, దొరికినవాడు వెనక్కి విసరాలి, ఆట సాగాలి. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి నేను చాలారోజులు ఎవరికీ చెప్పలేదు.

ఫీల్డరు బంతి వైపు చూశాడు, మా వైపు చూశాడు, నవ్వాడు. వాళ్ల ఆటలో ప్రేక్షకుల్లోకి వెళ్లిన బంతి ప్రేక్షకులదే. వెనక్కి వస్తే ఇంకెవరికైనా ఇచ్చేయడం మర్యాద. అతను కంచె వెంబడి నాలుగడుగులు వేసి, స్పాన్సర్ల పందిట్లోకి బంతిని మెత్తగా ఎగరేశాడు. అక్కడ ఫోన్లో మాట్లాడుతున్న ఒక పెద్దమనిషి దగ్గర పడింది. ఆయన ఫోను ఆపకుండానే దాన్ని తీసి బల్ల మీద పెట్టుకున్నాడు.

అన్న కూర్చుని, టోపీ సర్దుకుని, నా వైపు తిరిగాడు.

"తమ్మీ, టికెట్ యాడ దీస్కోవాలె?"

నేను జేబులోంచి కాగితం తీసి రెండో పేజీ తిప్పాను. మొదటి వాక్యమే. బంతిని తెచ్చి కౌంటర్లో చూపించినవారికే బహుమతి.

"ఎందుకిసిరినవే అన్నా?"

"మరి బంతి లేకపోతె వాళ్లెట్ల ఆడుతరు?"

అప్పుడే అంపైరు నడుముకున్న సంచిలోంచి ఇంకో బంతి తీసి ఇచ్చాడు. సంచి ఇంకా ఉబ్బెత్తుగానే ఉంది. అన్న ఆ సంచి వైపు చూశాడు. ఆట అయిపోయేదాకా దాన్నే చూశాడు.

కౌంటర్ దగ్గర అమెరికా ఆయన చాలా మంచిగా మాట్లాడాడు. అలా మాట్లాడేవాళ్ల దగ్గర పని కాదని నాకు తెలుసు. చాలా బాధగా ఉందన్నాడు. నియమాలు రాసింది తాను కాదన్నాడు. బంతి ఎవరి దగ్గరుంటే వారిదేనన్నాడు. పరంజా పనివాడికి ఆ చెయ్యి ఎలా వచ్చిందని అడిగాడు. చివరికి అన్నకు ఇంకో టోపీ ఇచ్చాడు.

"ఏమంటుండు?" అన్నాడు అన్న.

"నువ్వు మస్తు ఇసిరినవట."

"టికెటో?"

"ఖలాస్ అన్నా."

అది చెప్పడానికి ఆ ఒక్క మాటే దొరికింది నాకు. ఆయన తలూపి, టోపీ చేత్తో పట్టుకుని బస్సు ఎక్కాడు. బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. రెండో పేజీ సంగతి అక్కడే చెప్పేశాను.

"నాకు జెప్పినా ఇసురుతుంటినేమో తమ్మీ" అన్నాడు. "చెయ్యి ఆగదు." నన్ను తేలిక పరచడానికే అన్నాడు. తేలిక పడి ఉంటే బాగుండేది.

పందిట్లోని పెద్దమనిషి ఆ టికెట్‌ను కుటుంబంతో విహారయాత్రకు వెళ్తూ సీటు పెద్దది చేయించుకోవడానికి వాడుకున్నాడని తర్వాత తెలిసింది. నేను ముదీర్ దగ్గరికి వెళ్లి, కంపెనీ తరఫున అన్నకు ఇంకో టికెట్ ఇప్పించమన్నాను. ఆయన నాకు తన ఫోను చూపించాడు. జట్టువాళ్లు ఆ వీడియో పెట్టారు. అన్న బంతి పట్టడం, విసరడం, నీలం నుదుటితో కూర్చోవడం. కింద ‘ప్రపంచంలోకెల్లా మర్యాదస్తుడైన అభిమాని’ అని రాశారు. "ఎంతమంది చూస్తున్నారో చూడు, ఇంతకంటే ప్రచారం ఏముంటుంది? అతణ్ణి మళ్లీ తీసుకురా" అన్నాడు ముదీర్. మా కంపెనీకి కాంట్రాక్టు పొడిగించారు.

చూసినవాళ్లలో అన్న చెల్లెలి అత్తగారిల్లు కూడా ఉంది. టికెట్ గెలిచి పారేశాడన్న మాట వీడియో కంటే ముందే చేరింది. చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. ఆమె తిట్టలేదు. "చేతులకొచ్చినదాన్ని ఎట్ల ఇసిరినవే అన్నా?" అని మాత్రం అడిగింది, మళ్లీ మళ్లీ, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. అన్న "బంతి వాళ్లదే కదనే" అన్నాడు. అప్పుడామె, తన మామగారు ఇక ఆగనంటున్నాడనీ, వచ్చే సోమవారమే వేములవాడ పోతున్నామనీ చెప్పింది.

ఫోన్ పెట్టేశాక అన్న కూర కలుపుతూ చెప్పాడు. "మా పెద్దనాయిన కొడుకు కూసుంటడట నా జాగల. వాడు లావుంటడు. పోరనికి మెత్తగ మంచిగుంటది."

జోకులు నా పని. ఆయన నాకంటే ముందే వేసేశాడు. నవ్వాలి కాబట్టి నవ్వాను.

ఒడి ఎవరిదైనా కొత్తబట్టలు మాత్రం మేనమామే పెట్టాలి. ఆయన క్యాంపులో ఒకతను శనివారం ఊరికి పోతున్నాడు, అతని చేతికిస్తే అందుతాయి. శుక్రవారం పని అయ్యాక అన్న మెట్రోలో బర్ దుబాయ్ వచ్చాడు. ఇద్దరం బట్టల దుకాణాల సందులో నడిచి, పిల్లల బట్టలున్న ఒక దుకాణంలోకి వెళ్లాం. పట్టు అంచు చొక్కా, చిన్న పంచె, కలిపి అట్టపెట్టెలో ఉన్నాయి. అన్నకు నచ్చాయి.

"బచ్చా కిత్నా బడా హై?" అని అడిగాడు దుకాణదారు.

"తీన్ సాల్" అన్నాను.

"ఉమర్ నహీ భాయ్. కద్ బోలో."

వయసు కాదు, ఎత్తు. నేను అన్న వైపు చూశాను. ఆయన మోకాలి పైన చెయ్యి పెట్టి చూపించాడు. మళ్లీ కాదని తొడ దాకా లేపాడు. మళ్లీ కొంచెం దించాడు.

"ఫోన్ల ఎప్పుడు జూసినా తలకాయే కనవడుతది తమ్మీ" అన్నాడు. "లేకపోతె చెల్లె సంకలుంటడు."

దుకాణదారు టేపు పట్టుకుని, అన్న చెయ్యి ఎక్కడ ఆగుతుందా అని చూస్తున్నాడు. అది ఇంకా ఆగలేదు.